స్టార్లకు స్టైలిస్టు కావాలంటే నల్లగొండ, పాలమూరు పిల్లలకు ఏ దారి మేలు?

ఇంటర్ అయిపోయిన బిడ్డ "నేను స్టైలిస్టునైతా" అంటే ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: అందులో పైసలుంటాయా? ఉంటాయి. కాకపోతే అవి ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు, వచ్చేదాకా ఖర్చులు ఎట్ల గడుస్తాయి అని చూసుకోకుండా పోయినవాళ్లు చాలామంది మధ్యలోనే వెనక్కి వస్తున్నారు. హీరోలకు, హీరోయిన్లకు బట్టలు ఎంచే పని పేరు తెస్తుంది. నెలనెలా కిరాయి కట్టే పైసలు మాత్రం ఎక్కువమంది స్టైలిస్టులకు యాడ్‌లు, పెళ్లిళ్లు, ఆన్‌లైన్ కంపెనీల కేటలాగ్ షూట్ల నుంచే వస్తాయి. అందుకే నేను దారులను పోల్చేటప్పుడు చివరికి ఎంత పెద్దవాళ్లమవుతాం అన్నది పక్కన పెట్టి, మొదటి మూడేళ్లు ఏది నిలబెడుతుంది అన్నదే ముందు చూస్తాను.

పోలిక మొదలుపెట్టే ముందు ఎవరి పని ఏదో తెలియాలి. సినిమాలో పాత్రకు ఏ బట్టలు ఉండాలో ఆలోచించి తయారు చేయించేది కాస్ట్యూమ్ డిజైనర్. 'బాహుబలి'కి రమా రాజమౌళి, ప్రశాంతి తిపిర్నేని చేసింది ఆ పని. సెట్‌లో ఆ బట్టలు ఇస్త్రీ చేసి, ఏ సీనుకు ఏది వేశారో ఫొటోలతో సహా రాసిపెట్టి, వాన సీనో రక్తం సీనో ఉంటే అదే డ్రెస్సు రెండు మూడు జతలు సిద్ధంగా ఉంచేవాళ్లు కాస్ట్యూమర్లు, వాళ్ల అసిస్టెంట్లు. ఇక ప్రీ రిలీజ్ ఈవెంట్, అవార్డుల వేడుక, ఇంటర్వ్యూ, ఇన్‌స్టాగ్రామ్ ఫొటోషూట్ లాంటివాటికి స్టార్‌ను తయారు చేసేది పర్సనల్ స్టైలిస్టు. ఒక్కరే రెండు మూడు పనులు చేయొచ్చు. నీరజ కోన స్టైలిస్టుగా, కాస్ట్యూమ్ డిజైనర్‌గా పేరు తెచ్చుకుని 2025లో దర్శకురాలయ్యారు. శ్రావ్య వర్మ స్టైలింగ్ చేస్తూనే నిర్మాణంలోకి వెళ్లారు. కానీ జీతం ఇచ్చేవాళ్లు, పని దొరికే తీరు ఒక్కో పనికి ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి ఏ గుమ్మం తడుతున్నామో ముందే తేల్చుకోవాలి.

అసిస్టెంటుగా చేరడం

అందరికీ ముందు కనబడే దారి ఇదే. హైదరాబాద్‌లో పేరున్న స్టైలిస్టు దగ్గర అసిస్టెంటుగా చేరడం. డిగ్రీ అడగరు. ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెట్టి, చేసిన నాలుగు పనులు చూపించి చేరినవాళ్లున్నారు.

పని ఎట్లుంటుందో దగ్గరి నుంచి చూస్తే గానీ అర్థం కాదు. స్టార్ వేసుకునే ఖరీదైన డ్రెస్సు చాలాసార్లు కొన్నది కాదు, డిజైనర్ దగ్గర అడిగి తెచ్చింది. ముంబై నుంచో ఢిల్లీ నుంచో కొరియర్‌లో వస్తుంది. వచ్చిన వెంటనే పెట్టె విప్పి ప్రతి పూస, ప్రతి కుట్టు ఫొటో తీసిపెట్టుకోవాలి. లేకపోతే ముందే ఊడిపోయిన పూసకు కూడా డిజైనర్ మన దగ్గరే పైసలు అడుగుతారు. చెప్పుల అడుగున టేపు అంటించాలి, ఫొటోషూట్‌లో గీతలు పడకుండా. ట్రయల్ రోజు మూడు నాలుగు డ్రెస్సులు స్టీమర్‌తో ముడతలు తీసి వరుసగా వేలాడదీయాలి. ఒకటి నచ్చితే రాత్రికి రాత్రి టైలర్‌తో నడుము దగ్గర రెండు అంగుళాలు లోపలికి కుట్టించాలి, అదీ బట్ట కత్తిరించకుండా. ఎందుకంటే మళ్లీ విప్పి వాపసు పంపాలి. ఈవెంట్ అయిన తెల్లారి డ్రైక్లీనింగ్, లెక్క, కొరియర్. ఈ పరుగంతా అసిస్టెంటుదే. స్టార్ పక్కన నిలబడి ఫొటో దిగే సందర్భం ఎప్పుడో ఒకసారి వస్తుంది.

జీతం సంగతి. కొత్తగా చేరినవాళ్లకు నెలకు 10 నుంచి 20 వేల మధ్య మాట్లాడటం మామూలు. "మూడు నెలలు నేర్చుకో, తర్వాత చూద్దాం" అని ఉత్తగా చేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఖర్చు లెక్క వేయండి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వైపు హాస్టల్‌లో తిండితో సహా ఏడెనిమిది వేలు అనుకున్నా, తిరగడానికి, ఫోన్‌కు ఇంకో మూడు వేలు పోతాయి. జీతం 12 వేలైతే మిగిలేది వెయ్యి రెండు వేలు. ఉత్తగా చేయాలంటే ఇంటి నుంచి నెలకు పది వేలు పంపాలి. రెండెకరాల పత్తి మీద బతికే ఇంటికి అది చిన్న మాట కాదు.

మన ప్రాంతానికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల చుట్టుపక్కలే. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడపిల్లలకు టికెట్ లేదు. రోజూ వచ్చి పోవడం కుదరదు, ఎందుకంటే ఈవెంట్లు అర్ధరాత్రికి గానీ ముగియవు. కానీ షూట్ ఉన్న రోజులకే వెళ్లి, బంధువుల ఇంట్లో ఉండి తిరిగి వచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు. నెల జీతం కాకుండా రోజుకూలీ మీద చేరితే ఇది బాగా నడుస్తుంది. విజయవాడ హైవే మీదున్న రామోజీ ఫిలింసిటీలో షూటింగ్ ఉంటే నల్లగొండ వైపువాళ్లకు నగరం దాటే పని కూడా లేదు.

అసిస్టెంటు పని నుంచి సొంతంగా స్టైలిస్టు అయ్యాక సంపాదన ఎంత? స్థాయిని బట్టి ఒక్కో లుక్‌కు, అంటే ఒక్కో సందర్భానికి స్టార్‌ను తయారు చేసినందుకు, కొన్ని వేల నుంచి లక్ష దాకా, పెద్ద పేరుంటే ఆ పైన కూడా అడుగుతారు. ఆ అంకె విని మోసపోవద్దు. ఉదాహరణకు 40 వేల ఫీజు తీసుకుందాం. ఇద్దరు అసిస్టెంట్ల కూలీ 3 వేలు, క్యాబ్‌లు 3 వేలు, కొరియర్ రానుపోను 4 వేలు, డ్రైక్లీనింగ్ 2 వేలు, టైలర్‌కు 2 వేలు అనుకుంటే 14 వేలు అక్కడే పోయాయి. మిగిలిన 26 వేలలో ఫీజు మీద పది శాతం టీడీఎస్ (పైసలిచ్చేవాళ్లు ముందే పట్టుకునే పన్ను) కింద 4 వేలు పట్టుకుంటే చేతికొచ్చేది 22 వేలు. అది కూడా బిల్లు పంపిన రెండు మూడు నెలలకు. నెలకు అట్లాంటివి నాలుగు దొరికితే మంచి బతుకే. రిలీజులు లేని నెలలో ఒక్కటీ దొరకకపోవచ్చు.

నిఫ్ట్ చదువు

హైదరాబాద్ మాదాపూర్‌లో నిఫ్ట్, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ ఉంది, 1995 నుంచి నడుస్తోంది. కేంద్ర జౌళి శాఖ కింది సంస్థ. ఇంటర్ ఏ గ్రూపైనా సరే, బీడెస్ (B.Des) అంటే నాలుగేళ్ల డిజైన్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష రాయొచ్చు. స్టైలింగ్ మీద మనసున్నవాళ్లకు ఫ్యాషన్ డిజైన్ కంటే ఫ్యాషన్ కమ్యూనికేషన్ దగ్గర అని నా అభిప్రాయం. స్టైలింగ్, ఫొటోగ్రఫీ, గ్రాఫిక్స్ అన్నీ అందులో వస్తాయి. బట్ట కోసి కుట్టడం మీద ఇష్టముంటే డిజైన్ వైపు వెళ్లాలి.

ఫీజు భారమే. ఏడాదికి మూడు లక్షల చుట్టూ, హాస్టల్ వేరే. నాలుగేళ్లకు పన్నెండు లక్షలు దాటుతుంది. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు ఫీజు సాయం ఉంటుంది, అడ్మిషన్ రోజే దాని గురించి అడిగి ఫారం తీసుకోవాలి. బ్యాంకు అప్పు తీసుకుని చదివితే లాభమా? స్టార్ల స్టైలిస్టు కావడం ఒక్కటే లక్ష్యమైతే నేను వద్దంటాను. ఎందుకంటే నిఫ్ట్ డిగ్రీ ఉన్నా స్టైలిస్టు దగ్గర అసిస్టెంటుగానే మొదలవుతారు, ఆ 15 వేల జీతంతో అప్పు కిస్తీ కట్టలేరు. కానీ బ్రాండ్లలో, ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల్లో, ఎగుమతుల సంస్థల్లో నెల జీతం ఉద్యోగం చేయడానికి సిద్ధమైతే ఆ డిగ్రీ తలుపులు తెరుస్తుంది. అక్కడ నాలుగేళ్లు చేసి, అప్పు తీర్చి, పరిచయాలతో స్టైలింగ్‌లోకి దిగినవాళ్లు నిలబడతారు. అప్పు లేకుండా చదివించగలిగే ఇల్లయితే కళ్లు మూసుకుని నిఫ్టే రాయించండి.

పన్నెండు లక్షలు లేని ఇంటికి చిన్న దారులున్నాయి. ఐటీఐలో డ్రెస్ మేకింగ్, స్యూయింగ్ టెక్నాలజీ ఏడాది కోర్సులు. ఇవి చదివితే ఎవరూ స్టైలిస్టు అనరు, నిజమే. కానీ కొలత తీయడం, డార్ట్ (ఒంటికి అమరేలా బట్టను మడిచి వేసే కుట్టు) వేయడం, చేతి కుట్టు విప్పి మళ్లీ వేయడం వచ్చిన అసిస్టెంటును ఏ స్టైలిస్టూ వదులుకోరు. ఈవెంట్‌కు గంట ముందు బ్లౌజు హుక్ ఊడితే ఆ గదిలో అందరూ వెతికేది ఆ పిల్లనే. ఫ్యాషన్ అకాడమీ పేరుతో జిల్లా కేంద్రాల్లో ఆరు నెలలకు లక్ష రూపాయలు తీసుకునే చోట్లకు వెళ్లేముందు, వాళ్ల దగ్గర చదివిన ముగ్గురు పిల్లలతో ఫోన్లో మాట్లాడి ఇప్పుడు ఏం చేస్తున్నారో కనుక్కోండి. ముగ్గురి నంబర్లు ఇవ్వలేకపోతే ఆ లక్ష దాచుకోండి.

సినిమా కాస్ట్యూమ్ విభాగం, కేటలాగ్ ఉద్యోగం

కాస్ట్యూమ్ విభాగంలో రోజు లెక్కన కూలీ, బేటా (రోజు ఖర్చులకిచ్చే భత్యం), సెట్‌లో భోజనం ఉంటాయి. యూనియన్ ఉంది కాబట్టి రేటు మీద కనీస భరోసా దొరుకుతుంది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం పెంపు కోరుతూ షూటింగులు ఆపేశారు, చివరికి మూడేళ్లలో దశలవారీగా పెంచే ఒప్పందం కుదిరింది. స్టైలిస్టు అసిస్టెంట్ల వెనక అట్లాంటి బలం లేదు. అయితే యూనియన్ కార్డు లేనిదే పెద్ద సినిమాల్లో పని దొరకడం కష్టం, కార్డుకు ఖర్చూ సిఫారసూ కావాలి. పని కూడా శారీరకంగా బరువైనది, తెల్లవారుజామునే ట్రంకు పెట్టెలతో సెట్‌లో ఉండాలి. ఓపిక, జ్ఞాపకశక్తి ఉన్న మగపిల్లలు చాలామంది ఈ దారిలో స్థిరపడ్డారు.

కేటలాగ్ స్టైలింగ్‌లో మెరుపు లేదు. ఆన్‌లైన్ కంపెనీలకు రోజంతా మోడల్‌కు వరుసగా కుర్తాలు, టీషర్టులు వేయించి ఫొటోలు తీయించే పని. పని ఎక్కువగా బెంగళూరు, ముంబైలలో. మహబూబ్‌నగర్ వాళ్లకు బెంగళూరు, హైదరాబాద్‌కు పోయే అదే 44వ నంబరు హైవే మీద ఉంది. ఒకటో తారీఖు జీతం పడుతుంది, పీఎఫ్ ఉంటుంది. ఇంటికి పెద్దకొడుకో పెద్దబిడ్డో అయి నెల నెలా పైసలు పంపాల్సినవాళ్లకు మొదటి మజిలీ ఇదే అని గట్టిగా చెబుతాను.

ఊళ్లోనే మొదలుపెట్టడం

మన పిల్లలు చిన్నచూపు చూసేది ఈ దారినే. నాకు అన్నిటికంటే నచ్చిందీ ఇదే.

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తిల్లో ఇప్పుడు పెళ్లి అంటే ఒక్క ముహూర్తం చీరతో అయిపోవడం లేదు. పసుపు ఫంక్షన్, మెహందీ, సంగీత్, రిసెప్షన్ అంటూ నాలుగైదు మార్పులు. ఓణీల ఫంక్షన్లకు కూడా ఫొటోషూట్. చీరకు ఏ బ్లౌజు, మగ్గం వర్క్ ఎంత, నగలు ఏవి, పెళ్లికొడుకు షేర్వానీ ఆ రంగుకు కలుస్తుందా అని చెప్పే మనిషి కావాలి. అదే స్టైలింగ్. చీర ముందే కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసివ్వడానికి, అంటే ప్రీ ప్లీటింగ్‌కు, ఒక్కో చీరకు 300 అనుకున్నా ముహూర్తాల వారంలో రోజుకు పది చీరలు వస్తే మూడు వేలు. అసిస్టెంటు నెలంతా తిరిగి సంపాదించేది ఇక్కడ వారంలో వస్తుంది. ఆషాఢం, మూఢం వస్తే మాత్రం పని ఉండదు, ఆ నెలల కోసం ముందే పక్కన పెట్టుకోవాలి.

ఈ దారికి ఇంకో బలం మన మగ్గాలు. పోచంపల్లి, పుట్టపాక పాత నల్లగొండ జిల్లావే. గద్వాల, నారాయణపేట పాత పాలమూరువి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో. పుట్టపాక గజం కుటుంబాల నుంచి గోవర్ధన, అంజయ్య పద్మశ్రీలు అందుకున్నారు. ఈ ఊళ్లకు ముంబై స్టైలిస్టులు కార్లు వేసుకుని వస్తారు. మనం బస్సు దిగితే చాలు.

ఆ బట్ట చేతిలోకి తీసుకుంటే తెలిసేవి కొన్ని ఉంటాయి. నిజమైన ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి బట్టకు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు కనబడుతుంది. ప్రింటు వేసింది తిప్పి చూస్తే వెనక వెలిసినట్టుంటుంది. ఇక్కత్‌తో జాకెట్టు కుట్టిస్తే కుట్టు దగ్గర డిజైన్ కలవాలి, అందుకు మామూలు కంటే ఎక్కువ బట్ట తీసుకోవాలి. తేలియా నూలు నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానుతుంది, కొత్త బట్టకు ఆ నూనె వాసన ఉంటుంది. దాన్ని లోపం అనుకుని వాపసు పంపిన స్టైలిస్టు నేత ఇంట్లో పరువు పోగొట్టుకుంటాడు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఇస్త్రీ పెట్టె ఒకే వేడి మీద లాగితే పట్టు అంచు మెరుపు పోతుంది. నూలు మీద వేడి పెంచి, అంచు దగ్గరికి రాగానే తగ్గించి పైన పలుచటి గుడ్డ వేసి రుద్దాలి. పట్టు మీద పిన్ను పెట్టేటప్పుడు పిన్నుకు ముందు చిన్న పూస ఎక్కిస్తే పోగు పిన్ను చుట్టలో ఇరుక్కోదు. ఇవి తెలిసిన మనిషి హైదరాబాద్‌లో ఏ స్టార్ ట్రయల్ గదిలోకి వెళ్లినా మొదటి రోజే గుర్తింపు తెచ్చుకుంటాడు.

స్టార్ పని ఊళ్లో ఉంటే ఎట్ల దొరుకుతుంది అంటారా? మెట్టు మన దగ్గరే ఉంది. యూట్యూబ్ ఫోక్ పాటలు. తెలంగాణలో వీటి షూటింగులు పల్లెల్లో, గుట్టల దగ్గర, చెరువు కట్టల మీద జరుగుతూనే ఉంటాయి. బడ్జెట్ చిన్నది, ఫీజు వెయ్యి రెండు వేలకు మించకపోవచ్చు. కానీ పాటను లక్షల మంది చూస్తే కింద పేరు ఉంటుంది, ఫొటోలు మన దగ్గర ఉంటాయి. టీవీ షోల్లో యాంకర్లకు చీరలిచ్చి చివర 'కాస్ట్యూమ్స్ కర్టసీ' అని పేరు వేయించుకునే బొటిక్‌లు పట్టుకున్నది కూడా ఈ కిటుకునే. నాగర్‌కర్నూల్ జిల్లా మూలాలున్న విజయ్ దేవరకొండ 2018లో సొంత బట్టల బ్రాండే మొదలుపెట్టాడు. మన ప్రాంతపు బట్ట, మన ప్రాంతపు మనిషి అంటే వినే చెవులు ఇప్పుడు ఇండస్ట్రీలో ఉన్నాయి.

పెట్టుబడి కూడా చిన్నదే. మంచి స్టీమర్, కుట్టుమిషన్, పిన్నులు, టేపులు, ఫోన్. కుట్టుపని చేసేవాళ్లకు 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు ఉన్నారు. పనిముట్లకు 15 వేల దాకా సాయం, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఉంటాయి.

ఎవరికి ఏది

అప్పు లేకుండా నాలుగేళ్లు చదివించగలిగితే నిఫ్ట్. ఇంటికి వెంటనే జీతం కావాలంటే కేటలాగ్. ఏడాది పాటు నెలకు పది వేలు ఇంటి నుంచి తెచ్చుకోగలిగి, తిట్లు పడే ఓపిక ఉంటే నేరుగా అసిస్టెంటు. ఈ మూడూ కుదరని ఇల్లే మన దగ్గర ఎక్కువ. వాళ్లకు నేను చెప్పేది: రెండు పెళ్లి సీజన్లు ఊళ్లో పని చేసి, ఇరవై మంచి ఫొటోలూ ఆరు నెలల ఖర్చుకు సరిపడే పైసలూ చేతిలో పెట్టుకుని, మూఢం నెలల్లో రోజుకూలీ మీద హైదరాబాద్‌లో అసిస్టెంటుగా చేరండి. సీజన్ వస్తే ఊరికి రండి. ఈ రాకపోకల్లోనే హైదరాబాద్ పరిచయాలు పెరుగుతాయి, ఊళ్లో రేటు కూడా పెరుగుతుంది, ఎందుకంటే "స్టార్ దగ్గర పనిచేసింది" అనే మాటకు పెళ్లివాళ్లు ఎక్కువ ఇస్తారు.

ఏ దారైనా పైసల కాగితాలు మొదటి రోజు నుంచే సరిగ్గా ఉండాలి. చేరేముందు నాలుగు సంగతులు వాట్సాప్‌లో రాయించుకోండి: రోజుకు ఎంత, ఎన్నో తారీఖున, డ్రెస్సు చెడితే ఎవరు భరిస్తారు, పోస్టులో పేరు వేస్తారా. నోటి మాట మీద ఆధారపడ్డవాళ్లే ఎక్కువగా నష్టపోయారు. ఆదాయపన్ను నిబంధనలు సినిమా కళాకారుల లెక్కలో డ్రెస్ డిజైనర్‌ను కూడా చేర్చాయి. పట్టుకున్న టీడీఎస్, మన ఆదాయం పన్ను పరిధి కంటే తక్కువుంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, చాలామంది పిల్లలు ఆ పైసలు వదిలేస్తున్నారు. సేవల మీద ఏడాదికి 20 లక్షల రాబడి దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సొంతంగా బిల్లులు పంపే స్థాయికి వచ్చాక ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు చేసుకోండి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. నమోదైన చిన్న సంస్థ బిల్లును 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. బిల్లు కింద ఆ ఒక్క వాక్యం రాసి ఉద్యమ్ నంబరు వేస్తే, మూడు నెలలు తిప్పించుకునే ఆఫీసు కూడా అకౌంటెంట్‌తో ఫోన్ చేయిస్తుంది.